ఒడ్డునే మునిగేవారికి ఒక మనవి

సముద్రం అడుగున ఉద్యోగాలున్నాయన్న సంగతి మనవాళ్లకు ఈమధ్యే తెలిసింది. నేల మీద ఉన్నవి అయిపోయాయి కాబట్టి ఇది సహజమే. గ్రూప్-2 కోచింగ్ అయింది, సాఫ్ట్‌వేర్ కోర్సు అయింది, జర్మనీ నర్సింగూ అయింది. ఇక మిగిలింది నీళ్లు. ఆ నీళ్లలోకి మనల్ని దింపడానికి ఒడ్డున ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక వాట్సాప్ నంబరు పెట్టుకుని ఏజెంటుగారు సిద్ధంగా ఉన్నారు. ఆయన మాత్రం దిగరు. ఆయనకు జలుబు.

ఆయన పంపే రంగుల కాగితాన్ని ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూడండి. పైన నీలాల నీళ్లు. మధ్యలో ఒక తాబేలు. తాబేలు పక్కన మాస్కు పెట్టుకున్న తెల్లకుర్రాడు, బొటనవేలు పైకెత్తి. కింద పెద్ద అక్షరాలు: “ప్రొఫెషనల్ స్కూబా డైవర్ అవ్వండి! విదేశాల్లో శిక్షణ! రైసూత్, ఒమన్‌లో గ్యారంటీ ఉద్యోగం! సీట్లు కొన్నే!” ఆ బొటనవేలు చూసి మనవాడు అంతా బ్రహ్మాండం అనుకుంటాడు. నీటి కింద డైవర్ల సైగల్లో బొటనవేలు ఎత్తితే ‘ఇక చాలు, పైకి పోదాం పద’ అని. బాగుంది అనాలంటే చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి. పాపం, ఆ తెల్లకుర్రాడు మొదటినుంచీ నిజమే చెబుతున్నాడు. మనకే అర్థం కాలేదు. సున్నా సంగతి తర్వాత బ్యాంకు ఖాతాలో కనబడుతుంది.

ఇక రైసూత్. సలాలా ఊరికి పడమరగా పదిహేను కిలోమీటర్ల లోపే ఉంటుంది. 1998లో కంటైనర్ టెర్మినల్ మొదలైనప్పటినుంచీ ప్రపంచం చుట్టూ తిరిగే పెద్ద ఓడలు ఇక్కడ ఆగుతున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, పారిశ్రామికవాడ ఉంది, ఆకాశాన్ని గీకే క్రేన్లున్నాయి. కాగితంలోని తాబేలు ఇక్కడ పనిలో లేదు. ప్రకృతి అందాలు అసలు లేవా అంటే ఉన్నాయి. ఇక్కడి చెత్తదిబ్బ పక్షి ప్రేమికుల్లో పేరుమోసింది. చలికాలంలో ఎక్కడెక్కడి మైదానాల నుంచో వందలకొద్దీ గద్దలు వచ్చి దాని మీద వాలేవి. దూరదేశం నుంచి మేత పసిగట్టి వచ్చే ఆ నేర్పు చూస్తే మన ఏజెంటుగారి వైపు చుట్టరికమేమో అనిపిస్తుంది. గద్దలు మాత్రం అడ్వాన్సు అడగవు.

ఈ వ్యాపారంలో మాట ఎలా సాగుతుందో తెలియాలంటే కోనసీమ తండ్రి ఒకాయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి వినాలి.

“ఏవండీ, మావాడికి ఈత అంతగా రాదండీ.”

“ఈతెందుకండీ బాబూ, సిలిండరుంటది కదా! ఈత రానోడే బాగా కిందకెళ్తాడండీ.”

“జీతం ఎలాగుంటదండీ?”

“డాలర్లలో అండీ.”

“ఒమన్‌లో రియాళ్లంటారు గదండీ?”

“ఒడ్డు మీద రియాళ్లు, నీళ్లలోకెళ్తే డాలర్లండీ. మీకు ఇవన్నీ అక్కర్లేదు గానీ, ఈ నెలాఖరు లోపు కడితే తగ్గింపుందండీ.”

తగ్గింపు అన్న మాట వినబడగానే తండ్రిగారి ప్రశ్నలన్నీ ఆవిరైపోతాయి. పుస్తెలతాడు కుదువకి వెళుతుంది. ఈత రాని పిల్లవాడు పాస్‌పోర్టు ఫొటో దిగడానికి వెళతాడు.

ఏ స్కూబా సంస్థ దగ్గరికి వెళ్లినా ఈత పరీక్ష ఉంటుంది. పాడీ అనే సంస్థ పద్ధతిలో మొట్టమొదటి కార్డుకే 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు ఏ ఆసరా లేకుండా నీళ్లపై తేలాలి. డైవ్‌మాస్టర్ కావాలంటే 400 మీటర్లు ఈదాలి, స్నార్కెల్‌తో 800 మీటర్లు పోవాలి, అలసిపోయిన ఇంకో మనిషిని 100 మీటర్లు లాక్కురావాలి. ఆ ఇంకో మనిషిగా పనికొస్తాడని మనవాణ్ణి పంపుతున్నారేమో తెలియదు.

విదేశంలో ఎక్కడ నేర్చుకోవాలన్న దానికి మన దగ్గర మూడు సూత్రాలు స్థిరపడ్డాయి. ఒకటి, ఫొటోలో నీళ్లు నీలంగా ఉండాలి. రెండు, ఫీజులో ‘ఆఫర్’ ఉండాలి. మూడు, ఊరి పేరు మన బంధువులు పలకలేనిదై ఉండాలి. థాయ్‌లాండ్‌లో కో టావ్, ఇండొనేషియాలో గిలీ ట్రావంగాన్, హోండురాస్‌లో ఉటీలా ఈ మూడు పరీక్షల్లోనూ డిస్టింక్షన్‌లో పాసవుతాయి. అవి మంచి చోట్లే. ప్రపంచంలో ఎంతోమంది మొదటిసారి నీళ్ల కింద ఊపిరి పీల్చింది అక్కడే. అక్కడికి వెళ్లడంలో తప్పు లేదు. ఎందుకు వెళుతున్నామో తెలియకపోవడంలోనే ఉందంతా.

ఎందుకంటే నీళ్లలో చేసే వృత్తులు రెండు. ఏజెంటుగారి కాగితం మీద రెండూ కలిసి ఒకటైపోయాయి.

మొదటిది సరదా డైవింగు నేర్పే వృత్తి. దీన్ని నడిపేవి 1959లో పుట్టిన సీమాస్, 1966లో పుట్టిన పాడీ, 1970లో పుట్టిన ఎస్ఎస్ఐ లాంటి సంస్థలు. వీటి కార్డు అండమాన్‌లో తీసుకున్నా కో టావ్‌లో తీసుకున్నా ఒకటే కార్డు. మొదటి మెట్టుకు 18 మీటర్లు, తర్వాతి మెట్టుకు 30, సరదా డైవింగుకు మొత్తం మీద 40 మీటర్లు హద్దు. పాడీలో డైవ్‌మాస్టర్‌కు 18 ఏళ్లు నిండాలి, 40 డైవ్‌లతో మొదలెట్టి 60తో ముగించాలి. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోవాలంటే 100 డైవ్‌లు లాగ్‌బుక్‌లో ఉండాలి, మొదటి కార్డు చేతికొచ్చి ఆరు నెలలు నిండాలి. ‘నలభై అయిదు రోజుల్లో ఇన్‌స్ట్రక్టర్’ అని ఎవరైనా రాస్తే, ఆయన క్యాలెండరు వేరే గ్రహానిది. ఇక ఇంటర్న్‌షిప్ అని ఒక తియ్యటి మాట ఉంది. అంటే, మనమే ఫీజు కట్టి, పొద్దున్నే సిలిండర్లు మోసి, మధ్యాహ్నం పర్యాటకుల ఫిన్స్ కడిగి, సాయంత్రం దుకాణంలో టీషర్టులు అమ్మడం. మన ఊళ్లో ఈ పనికి ఎదురు డబ్బిస్తారు. విదేశంలో నేర్పిస్తారు కాబట్టి మనం ఇస్తాం. కార్డు వచ్చాక కూడా ఏటా సభ్యత్వం రుసుము, ఏటా బీమా. ఈ వృత్తిలో బతికేవాళ్లున్నారు, బాగానే బతుకుతారు కూడా. వాళ్లకు నాలుగు భాషలొచ్చు, ఓపికుంది, ఎంత ఏడ్పించే పర్యాటకుణ్ణయినా నవ్వుతూ నీళ్లలో తిప్పుకురాగలరు.

రెండోది పనిచేసే డైవరు వృత్తి. రైసూత్ లాంటి రేవులో నీళ్లలోకి దిగేవాడు ఇతనే. ఓడ అడుగున పట్టిన గుల్లలు గీకాలి, ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న తాడు కోయాలి, బెర్త్ కింది కాంక్రీటు పగిలిందేమో తడిమి చూడాలి. తడిమి అని ఊరికే అనలేదు. రేవు నీళ్లలో చాలాసార్లు చాచిన చెయ్యి తనకే కనబడదు. వేళ్లే కళ్లు. ఇక సముద్రంలో చమురు బావుల దగ్గర పని చేయాలంటే, ఆ రంగంలో కంపెనీలు పాటించే ఇమ్కా అనే సంస్థ నియమావళి స్కూబానే పనికిరాదంటుంది. వీపు మీద సిలిండరు పెట్టుకుని దిగడం అక్కడ ఒప్పుకోరు. గాలి పైనుంచి గొట్టంలో రావాలి, తలకు హెల్మెట్ ఉండాలి, పైనున్న సూపర్‌వైజర్‌తో మాట కలవాలి, ఏదైనా అయితే దూకడానికి ఇంకో డైవరు తయారుగా కూర్చుని ఉండాలి. 50 మీటర్లు దాటితే మామూలు గాలి కూడా చెల్లదు, హీలియం కలిపిన వాయువుతో వేరే లోకం మొదలవుతుంది. ఏ దేశపు ఏ సర్టిఫికెట్లు చెల్లుతాయో ఇమ్కా ఒక జాబితా పెట్టింది. బ్రిటన్ హెచ్ఎస్ఈ, ఆస్ట్రేలియా ఏడాస్, కెనడా డీసీబీసీ లాంటివి అందులో ఉంటాయి. తాబేలు పక్కన దిగిన ఫొటో ఉన్న కార్డు అందులో లేదు.

అర్థమైందా నాయనా? ‘ప్రొఫెషనల్ స్కూబా డైవర్‌గా గల్ఫ్ చమురు కంపెనీలో ఉద్యోగం’ అని నీకు అమ్మిన వాక్యంలో, స్కూబా అన్న మాటే నిన్ను గేటు బయట నిలబెడుతుంది.

అందుకని మన మొదటి సూత్రం తలకిందులు చేసుకోవాలి. రేవులో పని చేయదలచినవాడు నీళ్లు ఎంత చల్లగా, ఎంత మురికిగా, ఎంత అసహ్యంగా ఉంటే అంత మంచి చోటని ఎంచుకోవాలి. స్కాట్లండ్‌లో వణుకు పుట్టించే నీళ్లలో నేర్చుకున్నవాడికి రైసూత్ బురద కొత్తగా ఉండదు. పగడాల మధ్య నేర్చుకున్నవాడికి ఆ చీకట్లో మొదటి అయిదు నిమిషాల్లోనే అమ్మ గుర్తొస్తుంది. అమ్మ మెడలో గొలుసు ఎక్కడుందో కూడా గుర్తొస్తుంది.

ఈ పనిలో చావు ఎలా వస్తుందో కాగితం వెనకవైపైనా అచ్చువేయరు. నీటి కింద ఒక పైపులోనో, ఓడ నీళ్లు పీల్చుకునే రంధ్రం దగ్గరో, ఇటు ఒత్తిడికీ అటు ఒత్తిడికీ తేడా ఉంటే ఆ నీరు మనిషిని లాగేస్తుంది. బలం పనికిరాదు, ఈత పనికిరాదు. 2022 ఫిబ్రవరిలో ట్రినిడాడ్‌లో మరమ్మతుకు దిగిన అయిదుగురు డైవర్లను చమురు పైపు ఇలాగే మింగేసింది. ఒక్కడు బయటపడ్డాడు, నలుగురు పోయారు. వాళ్లు శిక్షణ పొందినవాళ్లు. నలభై అయిదు రోజుల బాపతు కారు.

ఇక పైకి రావడం. కిందికి వెళ్లడం కన్నా అదే పెద్ద విద్య. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా నింపాదిగా రావాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఇంకా లోతుకు పోయినవాడు ఇంకా ఎక్కువసేపు ఆగాలి. లేకుంటే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలై కీళ్లలోనో వెన్నులోనో కూర్చుంటుంది. దీన్నే బెండ్స్ అంటారు. మన పురాణాల్లో సిలిండరు లేకుండా మడుగులో ఎక్కువసేపు కూర్చున్న రికార్డు దుర్యోధనుడిది. జలస్తంభన విద్య ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, పైకి రావడం మాత్రం నేర్పినట్టు లేదు. పాండవుల ఎత్తిపొడుపులకు రోషం పట్టలేక ఒక్క ఉదుటున లేచొచ్చాడు, ఎక్కడా ఆగలేదు. ఆ రోజే తొడలు విరిగాయి. సంస్థల నియమాల్లో ఇంతకంటే గట్టి హెచ్చరిక లేదు.

రెండ్రోజులు వరసగా డైవ్ చేసినవాడు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ప్యాకేజీలో మాత్రం చివరి డైవ్ మధ్యాహ్నం, తిరుగు విమానం రాత్రి. అంతెందుకు, 600 మీటర్ల ఎత్తు దాటితే కొండ రోడ్డు కూడా విమానం లెక్కే. సలాలా వెనక ఖరా కొండలున్నాయి. థుమ్రైత్ మీదుగా మస్కట్ పోయే రోడ్డు వాటినెక్కే పోతుంది. దూరం వెయ్యి కిలోమీటర్లు. కాబట్టి ఎక్కడ శిక్షణైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ‘వైఫై ఉందా’ కాదు. ‘బెండ్స్ వస్తే దగ్గర్లో ఒత్తిడితో చికిత్స చేసే చాంబరు ఎక్కడుంది, ఎన్ని గంటల దారి, ఖర్చు ఎవరిది?’ ఈ ప్రశ్న అడిగి చూడండి. ఏజెంటుగారు చాంబరంటే సినిమా వాళ్లదనుకుంటారు.

‘ఏడాది పొడుగునా పని’ అన్న హామీ సంగతి కూడా చూద్దాం. రైసూత్ ఉన్న ధోఫార్ తీరంలో జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా ఖరీఫ్. నైరుతి రుతుపవనం ఇక్కడి కొండలను తాకి తుంపర కురిపిస్తుంది, ఎడారి పచ్చబడుతుంది. గల్ఫ్ దేశాలన్నిటినుంచీ జనం కార్లేసుకుని ఆ తుంపరలో తడవడానికి వస్తారు. అమలాపురంవాడికి ఇది వింతగా ఉంటుంది, కానీ ఎండలో మాడినవాడి ఆకలి వేరు. హోటళ్లు నిండిపోయే ఆ మూడు నెలలే సముద్రం కొండంత అలలతో లేస్తుంది, లోపలినుంచి చల్లని నీరు పైకి ఉబుకుతుంది. పడవలు ఒడ్డెక్కుతాయి, డైవింగు కట్టిపెడతారు. అంటే పర్యాటకుడున్నప్పుడు సముద్రం లేదు, సముద్రమున్నప్పుడు ఆ రద్దీ లేదు. సరదా డైవింగు నేర్పే ఉద్యోగానికి ఇంతకంటే చక్కని చోటు వెతికినా దొరకదు. ఇంకా నమ్మకం కుదరకపోతే 2018 మే 25న మెకూను తుపాను తీరం దాటింది ఎక్కడో అడగండి. ఈ రైసూత్ దగ్గరే.

ఈ గాలి సంగతి వినని పెద్దమనుషులు ఇంతకుముందూ ఉన్నారు. 1503 మేలో వాస్కో డ గామా మేనమామలు ఇద్దరు, విసెంతె సోద్రె, బ్రాస్ సోద్రె, తమ ఓడలను ఈ తీరానికి దూరాన ఉన్న హల్లానియా దీవి పక్కన లంగరేశారు. గాలి తిరగబోతోంది, దీవికి అవతలివైపు పొమ్మని అక్కడి బెస్తలు చెప్పారు. మహా నావికులకు బెస్తవాడు చెప్పడమా! మా లంగర్లు ఇనుపవి అన్నారట. లంగర్లు ఇనుపవే, ఓడలే చెక్కవి. ఇద్దరి ఓడలూ పగిలాయి, విసెంతె సోద్రె తన ఎస్మెరాల్డాతో పాటు పోయాడు. ఆ ఓడ శిథిలం జాడ 1998లో దొరికింది, తవ్వకాలయ్యాక 2016లో లోకానికి చాటారు. అందులో దొరికిన గంట మీద 1498 అని ఉందట. అయిదు వందల ఏళ్లు సముద్రంలో ఉన్న గంట కూడా తన సంవత్సరం సరిగ్గా చెబుతుంది. మనం తీసుకునే సర్టిఫికెట్టు ఎప్పటిదాకా, ఎక్కడ చెల్లుతుందో మాత్రం మనం అడగం.

ఇదే ధోఫార్‌లో మీర్బాత్, సదా, హద్బిన్ ఊళ్ల జనం సీజనులో కొద్దిరోజుల పాటు సముద్రంలోకి దిగి సుఫైలా అనే ఖరీదైన నత్తగుల్లను ఏరుతారు. ఊపిరి బిగబట్టి, సిలిండరు లేకుండా. సీజను ప్రభుత్వం చెప్పినప్పుడే, చిన్న గుల్లను ముట్టకూడదు. తరాలుగా నేర్చిన విద్య. ఎవరూ తగ్గింపు ఇవ్వలేదు.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్‌ను 2025 జులై 18న విశాఖలోనే నౌకాదళంలో చేర్చారు. 300 మీటర్ల లోతు దాకా డైవర్లను దింపే ఓడ అది. నౌకాదళం డైవింగ్ స్కూలు కొచ్చిలో ఉంది. మన పిల్లవాడికి విశాఖ అంటే ఆర్కే బీచ్, మురీ మిక్చరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు మునిగింది. సోనార్లొచ్చాయి, బృందాలొచ్చాయి, టీవీ కెమెరాలొచ్చాయి. చివరికి కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనుప తాళ్లూ వేసి, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కిందికి దిగి తాడు బిగిస్తే, అక్టోబరు 22న ఆ బోటు గట్టుకొచ్చింది. ఆ నెల రోజులూ రాష్ట్రమంతా టీవీకి కళ్లప్పగించి చూసింది. ఆ డైవర్లు ఎక్కడ నేర్చుకున్నారు, అలాంటివాళ్లు ఇంకో వందమంది కావాలంటే ఏం చేయాలి అని మాత్రం ఆ తర్వాత ఒక్క నాయకుడూ అడగలేదు. నాయకులు మళ్లీ పడవ మునిగినప్పుడు వస్తారు.

విచిత్రం ఏమిటంటే, విశాఖ పెదజాలారిపేటలో పుట్టి నడక కన్నా ముందు ఈత నేర్చిన కుర్రాడి దగ్గర కార్డు కొనడానికి డబ్బుండదు. డబ్బున్న కుర్రాడికి ఈత రాదు. ఏజెంటుగారు ఈ ఇద్దరిలో ఎవరి ఇంటికి వెళతారో మీరే చెప్పండి. గల్ఫ్‌కు మనుషుల్ని పంపేవాడికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి, తన సేవకు 30,000 రూపాయలూ జీఎస్టీ మించి పుచ్చుకోకూడదు. ఆ లైసెన్సుల జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. ప్రభుత్వ సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్ ఉంది, ఆంధ్రలో ఏపీఎన్ఆర్‌టీఎస్ ఉంది, అడిగితే చెబుతారు. అందుకే తెలివైన ఏజెంటు ‘ఉద్యోగం’ అని రసీదు రాయడు. ‘ట్రైనింగ్’ అని రాస్తాడు. ట్రైనింగుకు పరిమితి లేదు, ఉద్యోగానికి పూచీ లేదు.

కాబట్టి మనవి ఇది. ఏ దేశంలో నేర్చుకోవాలని ముందు అడగొద్దు. ఎవరి దగ్గర ఏ పని చేయాలని అడగండి. పర్యాటకులకు నేర్పాలనుంటే అండమాన్‌లోనే మొదలెట్టండి, అదే కార్డు, మన భాషవాళ్లు కూడా ఉన్నారు. రేవులో, చమురు బావిలో పని కావాలనుంటే స్కూబా ప్యాకేజీని చించేసి, ఇమ్కా జాబితాలో ఉన్న సర్టిఫికెట్టు ఇచ్చే బడి ఏదో వెతకండి, దానికి మొదటి మెట్టుగా డైవింగు వైద్య పరీక్ష చేయించుకోండి. చెవీ ఊపిరితిత్తులూ ఒప్పుకోకపోతే మిగతా డబ్బు మిగులుతుంది. ఉద్యోగమిచ్చే కంపెనీ పేరు, అది అడిగే కార్డు పేరు, ఈ రెండూ ఆ కంపెనీ నోటితోనే రాతపూర్వకంగా వచ్చేదాకా ఒక్క రూపాయి కట్టకండి. ఆ రెండు పేర్లూ చెప్పలేని ఏజెంటును పట్టుకుని మొదట ఆయన్నే 200 మీటర్లు ఈదమనండి.